కొండరైలూ, మూడు మెట్లూ

ప్రాచీనమైనదాన్ని కాపాడుకోవాలనే మాటతో నాకు పేచీ లేదు. ఎవరి కోసం కాపాడుకోవాలనే ప్రశ్న దగ్గరే పేచీ. మన దేశంలో మూడు కొండరైళ్ళు ప్రపంచ వారసత్వ సంపదగా యునెస్కో జాబితాకెక్కాయి: 1999లో డార్జిలింగు రైలు, 2005లో నీలగిరి రైలు, 2008లో కాల్కా–సిమ్లా రైలు. ప్రపంచ వారసత్వం అన్నప్పుడు ప్రపంచంలోని మనుషులందరూ దానికి వారసులే కావాలి. ఆ వారసుల్లో చక్రాల కుర్చీ మీద తిరిగే మనుషులు వున్నారా, లేరా? వుంటే వాళ్ళ వాటా ఎక్కడ? యీ ప్రశ్న అడిగితే మన సౌందర్యారాధకులకు కోపం వస్తున్నది. ఆ కోపానికి సమాధానం చెప్పటానికే యీ వ్యాసం.

ముందు నా తప్పు చెప్పుకుంటాను. 2018 వేసవిలో మా కుటుంబం ఒక కొండ మీది వూరికి బయలుదేరింది. పాత రైలులో ఎక్కాలని రెండు నెలల ముందే నాలుగు టిక్కెట్లు కొన్నాను. అది ఏ రైలో చెప్పను. చెబితే తప్పంతా ఆ ఒక్క స్టేషనుదే, ఆ ఒక్క వుద్యోగిదే అనుకుని పాఠకుడు తేలికపడవచ్చు. మా చెల్లెలు తెనాలిలో లెక్కల టీచరు. రెండో యేట పోలియో వచ్చింది. ఇరవై యేళ్ళుగా చక్రాల కుర్చీలోనే బడికి వెడుతున్నది, పాఠం చెబుతున్నది, సంసారం నడుపుతున్నది. మేం వెళ్ళేసరికి ప్లాట్‌ఫారం నేలబారుగా వుంది. పెట్టెకు మూడు మెట్లు. తలుపు ఆమె కుర్చీ కంటే ఇరుకు.

అక్కడి వుద్యోగి మర్యాదస్తుడే. "అమ్మా, కుర్చీని సామాన్ల పెట్టెలో వేయిస్తాను. మిమ్మల్ని మా మనుషులిద్దరు ఎత్తి కూర్చోబెడతారు. రోజూ చేసే పనే" అన్నాడు. "నన్ను ఎత్తవద్దండీ. కుర్చీతోసహా ఎక్కే దారేదైనా వుంటే చెప్పండి" అన్నది మా చెల్లెలు. "లేదమ్మా. ఇది హెరిటేజి బండి. దేన్నీ ముట్టుకోటానికి వీల్లేదు" అన్నాడాయన. ఆమె నా వైపు తిరిగి, "మీరు వెళ్ళిరండి అన్నయ్యా, పిల్లవాడు ఎంతో ఆశపడుతున్నాడు" అన్నది. నేను ఎక్కాను. నా భార్యా, నా కొడుకూ ఎక్కారు. ఆమె టాక్సీ మాట్లాడుకుని మాకంటే ముందే పైవూరు చేరి, స్టేషను బయట మా కోసం కూర్చున్నది.

అంతటితో అయిపోతే యిన్నాళ్ళ తర్వాత చెప్పుకోవలసిన పని లేదు. తిరిగివచ్చి నేను ఒక యాత్రావ్యాసం రాశాను. లోయలూ, సొరంగాలూ, ఆవిరి కూతా అన్నీ వర్ణించాను. నలుగురూ మెచ్చుకున్నారు. మా చెల్లెలు చదివి, "బాగుంది అన్నయ్యా. ఇందులో నేనెక్కడున్నాను?" అని అడిగింది. నేను జవాబు చెప్పలేకపోయాను. ఆనాడు చెప్పవలసిన జవాబును యీనాడు చెబుతున్నాను.

సౌందర్యారాధకుల మొదటి వాదన యిది: పాతదాన్ని మారిస్తే అది పాతది కాదు; తలుపు వెడల్పు చేస్తే, మెట్ల పక్కన వాలుబల్ల పెడితే, చరిత్ర చెడిపోతుంది. ఐతే యీ రైళ్ళు యింతవరకూ మారకుండా వున్నాయా? నీలగిరి రైలునే చూద్దాం. 1891లో పని మొదలై, 1908లో ఊటీ దాకా పూర్తయిన లైను అది. పాత ఇంజన్లు కొన్ని స్విట్జర్లాండు దేశంలోని వింటర్‌థూర్ నుంచి వచ్చాయి. యీనాడు ఆ లైను మీద తిరిగే ఆవిరి ఇంజన్లన్నీ ఆనాటివి కావు. కొన్నింటిని బొగ్గు నుంచి చమురుకు మార్చారు. 2011 తర్వాత తిరుచిరాపల్లి దగ్గరి గోల్డెన్ రాక్ వర్క్‌షాపులో కొత్త ఆవిరి ఇంజన్లే కట్టారు. చెన్నై పెరంబూరు కర్మాగారంలో కొత్త పెట్టెలు కట్టారు. కూనూరు నుంచి ఊటీకి బండిని లాగేది మామూలుగా డీజిల్ ఇంజనే. యివన్నీ చేసినా నీలగిరి రైలు నీలగిరి రైలుగానే వుంది. వారసత్వం చెడిపోయిందని ఎవరూ కన్నీరు పెట్టలేదు. పెట్టనవసరం లేదు కూడా. నడిచే యంత్రానికి మరమ్మతే ప్రాణం. ఇంజను మార్చినప్పుడు చెడని చరిత్ర, తలుపును నాలుగంగుళాలు పెంచితే ఎందుకు చెడుతుంది?

కాల్కా–సిమ్లా కథ యింతకంటే స్పష్టం. ఆ లైనును మొదట 610 మిల్లీమీటర్ల గేజిలో వెయ్యటానికి నిర్ణయించారు. సైనిక శాఖకు అది నచ్చలేదు. వారు కోరగా 1901లో 762 మిల్లీమీటర్లకు మార్చారు. 1903లో లైను తెరిచారు. అంటే సామ్రాజ్యపు సైన్యం అడిగితే, కొండల్లో సగం పని జరుగుతున్న లైనుకు పట్టాల వెడల్పే మారింది. మారిన ఆ లైనునే యీనాడు మనం పవిత్రమైన మూలరూపమని పూజిస్తున్నాం. ఫిరంగి కోసం పట్టాలు జరిగాయి గాని, కుర్చీ కోసం తలుపు జరగదట. యిది చరిత్ర మీద భక్తి కాదు. చరిత్రలో ఎవరి మాట చెల్లిందో వారి మాటనే యీనాటికీ చెల్లించటం.

ఆ రైళ్ళ 'అసలు స్వరూపం' ఏమిటో కూడా మరిచిపోకూడదు. 1864 నుంచి సిమ్లా బ్రిటిషు ఇండియాకు వేసవి రాజధాని. ఊటీ మద్రాసు సర్కారుకు వేసవి మకాం. దొరలు మైదానాల ఎండ తప్పించుకోటానికి యీ లైన్లు పుట్టాయి. ఆ తర్వాత టిక్కెట్టు కొన్నవాడెవడైనా, ఏ కులంవాడైనా, ఏ రంగువాడైనా ఏ పెట్టెలోనైనా కూర్చునే రోజు వచ్చింది. యీ రైళ్ళ చరిత్రలో అంతకు మించిన మార్పు లేదు. ఆ మార్పు వల్ల మూలరూపం పోయిందని విచారించేవాడు వుంటే ముందుకు రావలసిందిగా కోరుతున్నాను. ఎక్కగలిగేవారి సంఖ్య పెరుగుతూ రావటమే యీ రైళ్ళ చరిత్రలో గర్వించదగినది. ఆ చరిత్రను మూడు మెట్ల దగ్గర ఆపుతున్నవారే చరిత్రకు అన్యాయం చేస్తున్నారు.

మన తెలుగునాట యీ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. నాగార్జునసాగరం కట్టినప్పుడు నాగార్జునకొండ లోయ మునిగిపోతుందని, 1954 నుంచి 1960 దాకా తవ్వకాలు జరిపి, ఎన్నో కట్టడాలను కొండ మీదికీ, అనుపుకూ తరలించి తిరిగి నిలబెట్టాం. శ్రీశైలం జలాశయం వచ్చినప్పుడు కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి ఆలంపురంలో కట్టాం. గుడిని గుడిగా, స్తూపాన్ని స్తూపంగా వుంచుతూ చోటే మార్చటం మనకు చేతనయింది. అటువంటి జాతికి రైలుపెట్టెకు ఒక వాలుబల్ల అమర్చటం చేతకాదంటే నేను నమ్మను.

రెండో వాదన ఇంజనీరింగుది: "చిన్న గేజి, యిరుకు పెట్టె, కుర్చీ ఎక్కడ పడుతుంది?" గేజి వేరు, పెట్టె వెడల్పు వేరు. మన పెద్ద లైను గేజి 1,676 మిల్లీమీటర్లు. దాని మీది పెట్టె వెడల్పు సుమారు 3,250 మిల్లీమీటర్లు. చిన్న లైనులోనూ పెట్టె పట్టాలను దాటి రెండు వైపులా వుంటుంది. లెక్కలు చాలకపోతే వేల్స్ దేశంలోని ఫెస్టినియోగ్ రైలును చూడండి. పలకరాయి మోయటానికి 1836లో ఆ లైనును తెరిచారు. మొదట బరువు బళ్ళు వాలు మీద వాటంతట అవే దిగేవి, ఖాళీ బళ్ళను గుర్రాలు పైకి లాగేవి. 1863లో ఆవిరి ఇంజన్లు వచ్చాయి. 1946లో మూతపడితే, ప్రేమగల సామాన్యులు 1955 నుంచి తిరిగి నడిపించారు. దాని గేజి 597 మిల్లీమీటర్లు. డార్జిలింగు గేజి 610. అంటే ఆ లైను మన డార్జిలింగు కంటే కూడా యిరుకు. దాని బోస్టన్ లాడ్జ్ వర్క్‌షాపులో కట్టిన పెట్టెలలో చక్రాల కుర్చీ ఎక్కే వెడల్పు తలుపు వుంది, నిలిచే చోటు వుంది. అదే లైను మీద విక్టోరియా రాణి కాలపు పెట్టెలూ భద్రంగా వున్నాయి. 2021లో ఆ ప్రాంతాన్ని యునెస్కో ప్రపంచ వారసత్వంగా గుర్తించినప్పుడు యీ రైలూ అందులో భాగమే. చక్రాల కుర్చీకి చోటిచ్చినందుకు వారసత్వపు బిరుదు తప్పిపోలేదు.

అమెరికాలో 1990 నాటి వికలాంగుల హక్కుల చట్టం చారిత్రక రైలుపెట్టెలకు మినహాయింపు యిచ్చింది. ముప్ఫై యేళ్ళు దాటి, తయారుచేసిన కంపెనీ పెట్టెల తయారీ మానుకుని, చారిత్రక ప్రాధాన్యం వున్న పెట్టె అయితే, దాని స్వరూపం బాగా మారిపోయే పక్షంలో మార్పు తప్పనిసరి కాదు. యిటువంటి తలుపు తెరిచివున్నా, కొలరాడో–న్యూమెక్సికో సరిహద్దులో 1880లో వేసిన కంబ్రెస్–టోల్టెక్ ఆవిరి రైలులో చక్రాల కుర్చీని ఎత్తే యంత్రమున్న పెట్టె నడుస్తున్నది. బ్రిటనులోని సెవెర్న్ వ్యాలీ రైలులో 1950ల నాటి పెట్టెలనే సవరించి కుర్చీలకు చోటు చేశారు. వీరంతా మనకంటే పుణ్యాత్ములని నేననటం లేదు. బ్రిటనులో నిన్నమొన్నటి దాకా చక్రాల కుర్చీ ప్రయాణికుణ్ణి గార్డు పెట్టెలో, పార్సెళ్ళ మధ్య కూర్చోబెట్టేవారు. అడిగేవాళ్ళు అడిగారు, పోరాడేవాళ్ళు పోరాడారు, పెట్టె మారింది.

మూడో వాదన దయగలవారిది. "మా వాళ్ళు ఎత్తి కూర్చోబెడతారు గదా, యింకేమిటి?" అంటారు. యీ దయ మీదనే నాకు ఎక్కువ కోపం. ఎత్తేవారి చేతులు ఎక్కడ పడతాయో ఎత్తబడే మనిషికే తెలుసు. చీరకట్టిన ఆడమనిషిని పదిమందీ ఫోటోలు తీస్తుండగా యిద్దరు పరాయి మగవాళ్ళు ఎత్తి, యిరుకు తలుపులో వంచి లోపలికి తోయటం సదుపాయం ఎలా అవుతుంది? జారితే నడుము విరుగుతుంది. కుర్చీ మరో పెట్టెలో వుంటే, దారి పొడుగునా ఆ మనిషికి కాళ్ళు లేనట్టే. బండి ఆగినా దిగే స్వేచ్ఛ లేదు. మోసే కూలీ సంగతీ ఆలోచించండి. ఆయన నడుమూ నడుమే. పల్లకీలూ బోయీలూ పోవాలని కోరుకున్న మనం, రైలు మెట్ల దగ్గర మళ్ళీ బోయీలను నిలబెట్టి, దానికి మానవత్వమని పేరు పెడుతున్నాం. వాలుబల్ల వుంటే మోసేవాడికీ మోయబడేవాడికీ ఒక్కసారే విముక్తి.

నాలుగో వాదన సంఖ్యది. "రోజూ వచ్చే ప్రయాణికుల్లో చక్రాల కుర్చీ వాళ్ళెందరు? ఒకరో యిద్దరో. వారి కోసం యింత ఖర్చా?" మెట్లు వున్నచోటికి వారు రారు. రాలేదు గనుక లేరంటారు. లేరు గనుక మెట్లు తియ్యమంటారు. యీ తర్కంలో తోక నోట్లోకే వెళ్ళింది. 2011 జనాభా లెక్కల్లో దేశంలోని వికలాంగులు 2 కోట్ల 68 లక్షలమంది. కదలికకు సంబంధించిన వైకల్యం వున్నవారు అందులో 54 లక్షలు. సహజ వైరస్ వల్ల వచ్చే పోలియో 2011 తర్వాత కొత్తగా ఎవరికీ రాలేదు. 2014లో మన దేశం పోలియో లేనిదని ప్రకటించారు. ఐతే పోలియో పోయినంతమాత్రాన అది వచ్చినవారు పోలేదు. రోడ్డు మీద వెన్ను విరిగినవారు, మధుమేహంతో కాలు పోయినవారు, ముసలితనంతో మోకాళ్ళు పట్టుకుపోయినవారు రోజురోజుకూ పెరుగుతున్నారు. యీ వ్యాసం చదివే మీరు కూడా ఆ ప్లాట్‌ఫారం మీదికి వచ్చేవారే. ఎప్పుడన్నదే తేలవలసి వుంది.

ఐదో వాదన డబ్బుది. విశాఖపట్నం–అరకు దారిలో 2017లో అద్దాల కప్పున్న పెట్టె పెట్టారు. సిమ్లా దారిలోనూ అటువంటివి వచ్చాయి. కొండ అందం నెత్తిమీద కనబడాలని కోరే ప్రయాణికుడి కోసం కొత్త పెట్టె కట్టటానికి డబ్బు వున్నది. చిన్న గేజికి పనికివచ్చే పెట్టెను కొత్తగా గీసే ఇంజనీర్లున్నారు. కప్పు మార్చినప్పుడే తలుపు మార్చటానికి అదనంగా పడే ఖర్చు ఎంత? ఖర్చు సమస్య తర్వాత వస్తుంది. ముందు తలంపు రావాలి. రైల్వేలో వికలాంగులకూ, తోడు వచ్చేవారికీ టిక్కెట్టులో రాయితీ వుంది. ఎక్కలేని బండికి టిక్కెట్టు చవకగా యివ్వటం చూస్తే, వండని అన్నానికి వడ్డన చేసినట్టుంది.

చట్టం సంగతి చూద్దాం. ఐక్యరాజ్య సమితి వికలాంగుల హక్కుల ఒడంబడికను మన దేశం 2007లో ఆమోదించింది. సంస్కృతిలో, విహారంలో, పర్యాటకంలో సమానంగా పాల్గొనే హక్కును దాని 30వ అధికరణం చెబుతున్నది. మన 2016 చట్టంలో 41వ సెక్షను పాత వాహనాలనూ సవరించాలని ప్రత్యేకంగా పేర్కొన్నది. పేర్కొని, నాలుగు 'ఐతే'లు తగిలించింది: సాంకేతికంగా సాధ్యమైతే, భద్రమైతే, ఆర్థికంగా గిట్టుబాటైతే, నిర్మాణంలో పెద్ద మార్పు అవసరం లేకపోతే. యీ నాలుగు 'ఐతే'ల్లోంచి ఎంత పెద్ద బండి అయినా తప్పించుకు పోగలదు. 2024 నవంబరు 8న రాజీవ్ రటూరి కేసులో సుప్రీంకోర్టు, సదుపాయాల ప్రమాణాలను వట్టి సలహాలుగా వుంచిన 15వ నిబంధన చట్టానికి విరుద్ధమన్నది. తప్పనిసరి ప్రమాణాలను మూడు నెలల్లో రూపొందించమని కేంద్రాన్ని ఆదేశించింది. హక్కు సలహా కాదని అత్యున్నత న్యాయస్థానం చెప్పవలసి రావటమే మన సిగ్గు. 2016 నుంచి సర్కారు కాగితాల్లో వికలాంగులను 'దివ్యాంగజన్' అంటున్నారు. పేరుకు దివ్యత్వం వచ్చింది. మెట్టు మాత్రం మెట్టుగానే వుంది.

ఆరో వాదనను నేను తేలికగా తీసిపారెయ్యను. అది భద్రత. పన్నెండడుగులకు సుమారు ఒక అడుగు చొప్పున ఎక్కే నీలగిరి దారిలో, సొరంగంలోనో వంతెన మీదనో బండి ఆగిపోతే, కుర్చీలో వున్న మనిషిని ఎలా దించాలి? కుర్చీ వాలు మీద జారకుండా ఎలా బిగించాలి? యివి నిజమైన ప్రశ్నలు. నిజమైన ప్రశ్నకు జవాబు వెతకాలి గాని, దాన్ని తలుపుకు తాళంగా వాడకూడదు. కుర్చీని బిగించే పట్టీలు వున్నాయి, దించే పద్ధతులున్నాయి, సిబ్బందికి నేర్పవచ్చు. అదే బండిలో పసిపిల్లలూ, ఎనభై యేళ్ళ ముసలివాళ్ళూ ఎక్కుతున్నారు. ప్రమాదంలో వారిని ఎలా దించుతారో ఆ పథకంలోనే మరో పేరా చేరాలి. మరొక మాట: మేట్టుపాళయం నుంచి ఊటీకి 46 కిలోమీటర్లు పోవటానికి దాదాపు ఐదు గంటలు తీసుకునే బండి, వాలుబల్ల వెయ్యటానికి పట్టే ఐదు నిమిషాలకు కాలం లేదనకూడదు.

నేను కోరేది ప్రతి పాత పెట్టెనూ రంపంతో కొయ్యమని కాదు. నూరేళ్ళనాటి అపురూపమైన పెట్టెను మ్యూజియంలో వున్నది వున్నట్టే వుంచండి. దాని పక్కన, కుర్చీలో వున్నవారు లోపలికి చూడగలిగే ఎత్తులో ఒక దారి వెయ్యండి. నడిచే ప్రతి చారిత్రక బండిలో మాత్రం ఒక పెట్టెకైనా వెడల్పు తలుపు, వాలుబల్ల, కుర్చీ నిలిచే చోటు వుండాలి. ఆ చోటు కిటికీ పక్కన వుండాలి, సామాన్ల పక్కన కాదు. తోడువచ్చినవారు అదే పెట్టెలో కూర్చోవాలి. యిక మీదట కర్మాగారం నుంచి వచ్చే ఏ కొత్త పెట్టె అయినా యిటువంటి సదుపాయం లేకుండా గేటు దాటకూడదు. టిక్కెట్టు అందరితోపాటు మామూలుగా దొరకాలి; అధికారికి ముందుగా అర్జీ పెట్టి దయకోసం ఎదురుచూడవలసిన పని వుండకూడదు. ఎక్కడైనా సాధ్యం కాదంటే, ఎందుకు కాదో రాసి, సంతకం పెట్టి, జనం ముందు వుంచాలి. సాధ్యమా కాదా అని తేల్చే బల్ల దగ్గర చక్రాల కుర్చీలో తిరిగే మనిషి వుండాలి.

చివరగా మన రచయితలకు ఒక మాట. మనం కార్మికుడి పక్షాన రాశాం, రైతుకూలీ పక్షాన రాశాం. కాని కోపం వచ్చినప్పుడు 'కుంటివాదన' అంటాం, 'గుడ్డినమ్మకం' అంటాం, 'చెవిటి ప్రభుత్వం' అంటాం. నా పాత వ్యాసాలు తిరగేస్తే యీ మాటలు నాకే కనబడి తలవంచుకున్నాను. మన భాషలో వికలాంగుడు తిట్టుగానో, జాలికథలో కన్నీటి చుక్కగానో వున్నాడు తప్ప, టిక్కెట్టు కొన్న ప్రయాణికుడుగా లేడు. పెట్టెకు తలుపు వెడల్పు చెయ్యమని రైల్వేను అడిగేముందు మన వాక్యాలకూ తలుపు వెడల్పు చేసుకోవాలి.

ఆ యాత్రావ్యాసాన్ని యిక పుస్తకంలో చేర్చను. టిక్కెట్లు మళ్ళీ కొంటాను, నాలుగు. ఈసారి ముందు మా చెల్లెలు తన కుర్చీలోనే ఎక్కుతుంది, తర్వాత నేను ఎక్కుతాను. అటువంటి పెట్టె వచ్చేదాకా నా కొండరైలు ప్రయాణం వాయిదా. మీరు ఆ రైళ్ళు ఎక్కండి, వద్దనను. ఎక్కేముందు ఒక్కసారి ఆ మూడు మెట్ల వైపు చూడండి. దిగిన తర్వాత రైల్వేకు ఒక వుత్తరం రాయండి.